తెనాలిలో పలికిన తెర డాలస్‌లో ఎందుకు మొరాయిస్తుంది?

అమెరికాలోని డాలస్ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. ఈ రోజుల్లో ఉత్తరమంటే మెయిలే. కొడుకు చేత టైపు చేయించి పంపారు. వయసు 73. తెనాలి పక్క పల్లెలో ఊహ తెలిసినప్పటి నుంచీ సేద్యం. ఈ చలికాలం కొడుకు దగ్గర గడపడానికి వెళ్లారు. అక్కడే పుట్టి పెరిగిన మనవరాలు కాలేజీ హాస్టల్లో ఉంటుంది. ఆ పిల్లకి వాట్సాప్ అలవాటు లేదు. "తాతయ్యా, ఫొటోలు టెక్స్ట్ చెయ్యి" అంటుంది. తాతగారు గ్యాలరీ తెరిచి ఫొటో మీద వేలు పెడతారు. ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. గట్టిగా నొక్కితే ఫొటో తెరుచుకోదు, దాని మూల టిక్కు పడుతుంది. ఇంకాస్త గట్టిగా నొక్కితే ఫొటోలన్నీ పైకి పరుగెడతాయి. అదే వేలు, అదే ఫోను. తెనాలిలో ఇంత పేచీ లేదు. "ఇక్కడికొచ్చాక నా వేలికేమైందండీ?" అన్నది ఆయన ప్రశ్న.

ఫొటో ఎలా పంపాలో చెప్పమంటే నాలుగు ముక్కల్లో జవాబు రాసి ఊరుకునేవాణ్ణి. ఆయన వేలి గురించి అడిగారు. ఈ నెల రాద్దామనుకున్న గ్రహశకలాల వ్యాసం దాంతో వెనక్కి పోయింది.

ముందు ఆ నాలుగు ముక్కలూ అయిందనిపిస్తాను. ఎస్సెమ్మెస్‌లో ఫొటో పట్టదు. ఒక ఎస్సెమ్మెస్‌కి ఉన్న చోటు 140 బైట్లు. ఇంగ్లిషులో అయితే 160 అక్షరాలు, తెలుగులో 70. ఫొటో 3 ఎంబీ ఉందనుకుంటే, దాన్ని ముక్కలు చేసి ఎస్సెమ్మెస్‌లుగా పంపాలంటే 21 వేలకు పైగా కావాలి. అందుకని 2002లో ఎమ్మెమ్మెస్ వచ్చింది. ఇందులో ఫొటో వెళ్లి సర్వర్లో కూర్చుంటుంది. అవతలి ఫోనుకు వెళ్లేది ఫొటో వచ్చిందన్న కబురు మాత్రమే. ఆ కబురు అందుకున్న ఫోను డేటా మీద ఫొటోను దించుకుంటుంది. మొబైల్ డేటా ఆపేసుకున్నవాళ్లకు ఫొటో రాకపోవడం అందుకే. పెద్ద ఫొటోలను ఎమ్మెమ్మెస్ భరించలేదు కనుక బాగా కుదించి పంపుతుంది. ఐఫోనుకీ ఆండ్రాయిడ్‌కీ మధ్య ఏళ్ల తరబడి మసక ఫొటోలు తిరిగాయంటే కారణం అదే. 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో ఆపిల్ కూడా ఆర్‌సీఎస్ అనే కొత్త పద్ధతిని ఒప్పుకున్నాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఇక పంపడమంటారా: ఫొటో తాకి తెరవాలి, షేర్ గుర్తు తాకాలి, మెసేజెస్ తాకాలి, పేరు తాకాలి, చివర బాణం గుర్తు తాకాలి. తాతగారికి మొదటిదే కుదరడం లేదు.

అసలు వేలు వచ్చిందని తెరకు ఎలా తెలుస్తుంది? అద్దం కింద కంటికి ఆనని తీగలు అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని, మగ్గం మీది పడుగూ పేకలా పరుచుకుని ఉంటాయి. ఎక్కువగా ఇండియం టిన్ ఆక్సైడ్‌తో చేస్తారు. అందులోంచి కరెంటూ పారుతుంది, వెలుతురూ దాటుతుంది. అడ్డతీగా నిలువుతీగా ఒకదాన్నొకటి తాకవు. తాకకుండా దగ్గర దగ్గరగా ఉన్న రెండు వాహకాలు విద్యుదావేశాన్ని నిలవచేస్తాయి. దాన్నే కెపాసిటర్ అంటాం. తీగలు దాటుకునే ప్రతి కూడలీ ఒక కెపాసిటరే. అది ఎంత చిన్నదంటే దాని కెపాసిటెన్స్ ఒక పీకోఫారడ్‌కి అటూ ఇటూ ఉంటుంది, అంటే ఫారడ్‌లో లక్ష కోట్లవ వంతు. ఫోనులోని చిప్ అడ్డతీగల్లోకి వరసగా సంకేతాలు వదులుతుంది. నిలువుతీగల్లో ఎంత అందిందో కొలుస్తుంది. ఆ వరస మొత్తం సెకనుకు 60 సార్లో, 120 సార్లో, అంతకంటే ఎక్కువో తిరుగుతూనే ఉంటుంది.

ఇప్పుడు వేలు దిగింది. మన ఒంట్లో చాలా భాగం ఉప్పునీరే కనుక అది మంచి వాహకం. అడ్డతీగ నుంచి నిలువుతీగకు చేరాల్సిన విద్యుత్ క్షేత్రంలో కొంత వేలు తనవైపు లాగేసుకుంటుంది. నిలువుతీగకు అందేది తగ్గుతుంది. ఎక్కడ తగ్గిందో అక్కడ వేలున్నట్టు లెక్క. తీగల మధ్య ఎడం 4, 5 మిల్లీమీటర్లు ఉన్నా, చుట్టుపక్కల కూడళ్లలో ఎంతెంత తగ్గిందో చూసి సగటు కట్టి, వేలి నడిమధ్య ఎక్కడుందో మిల్లీమీటరు లోపే పట్టేస్తుంది. ఈ లెక్క తలుచుకుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. తెరను తాకామని మనం అనుకుంటాం. ఫోనుకు తాకిడి గొడవే లేదు, తన ఆవేశంలో ఎంత తరుగు పడిందన్నదే దాని ధ్యాస.

"వేళ్లల్లో వేడి తగ్గింది, అందుకే పలకడం లేదు" అని పెద్దవాళ్లకు చెప్పే మహానుభావులు ఇంటికొకరుంటారు. ఫ్రిజ్‌లోంచి దోసకాయ తీసి, చేత్తో పట్టుకుని, దాని కొసతో తెర మీద తాకి చూడండి. ఎంత చల్లగా ఉన్నా పలుకుతుంది. 2010 చలికాలంలో దక్షిణ కొరియాలో జనం చేతి తొడుగులు తియ్యడానికి బద్ధకించి, ప్యాకెట్లలో దొరికే సాసేజ్‌లతో ఫోన్లు నడిపారని వార్తలొచ్చాయి. చచ్చిన మాంసంలో ఒంటి వేడి ఎక్కడిది? ఇంకొందరు పింఛను దగ్గర వేలిముద్ర పడకపోవడాన్నీ దీన్నీ ఒకే గాటన కడతారు. వేలిముద్ర యంత్రానికి వేలి మీది గీతలు కావాలి. మట్టిపనిలో అవి అరిగిపోతే పోల్చుకోలేదు, కంటిపాప చూపించమంటుంది. టచ్ తెరకు గీతలతో నిమిత్తం లేదు. దోసకాయకు వేలిముద్రలున్నాయా?

చెయ్యి దగ్గరికొస్తే కెపాసిటెన్స్ మారుతుందన్న సంగతి ఫోన్లకు ఎంతో ముందే తెలుసు. రష్యాలో లేవ్ తెర్మెన్ 1920 ప్రాంతంలో దాంతో ఏకంగా ఒక వాద్యమే చేశాడు. ముట్టుకోనక్కర్లేదు, గాలిలో చేతులాడిస్తే పాడుతుంది. 1922లో లెనిన్‌కి వాయించి చూపించాడు కూడా. 1965లో ఇ.ఎ. జాన్సన్ అనే ఇంజినీరు బ్రిటన్‌లోని మాల్వెర్న్ రాడార్ కేంద్రంలో, విమానాల రాకపోకలు చూసే సిబ్బంది కోసం, వేలు తాకితే చాలనే తెరను వర్ణిస్తూ పత్రం రాశాడు. 1970లలో సెర్న్‌లో బెంట్ స్టంపే కణత్వరణ యంత్రపు కంట్రోల్ రూముకు అలాంటివే తయారుచేశాడు. ఇంత జరిగినా, జేబుల్లోకి వచ్చిన టచ్ ఫోన్లు చాలాకాలం రెసిస్టివ్ తెరల దారి పట్టాయి. పైనొక మెత్తటి పొర, కిందొక గట్టి పొర. నొక్కితే రెండూ కలుస్తాయి. 2008లో వచ్చిన నోకియా 5800 ఆ రకమే. గోటితో నొక్కినా పలికేది, పెన్ను మూతతో నొక్కినా పలికేది.

ఇప్పుడు డెబ్బై దాటినవాళ్లు ల్యాండ్‌లైను మీటలు, క్యాలిక్యులేటర్లు, టీవీ రిమోట్లు నొక్కి నొక్కి వచ్చినవాళ్లు. వినకపోతే ఇంకాస్త బలం పెట్టాలన్నది వాళ్ల వేళ్లకు పట్టుబడిన విద్య. రెసిస్టివ్ తెర దగ్గర ఆ విద్య చెల్లేది. కెపాసిటెన్స్‌తో పనిచేసే తెర దగ్గర అదే బెడిసికొడుతుంది. 2007 జనవరిలో ఐఫోనును చూపిస్తూ స్టీవ్ జాబ్స్ స్టైలస్‌ను వెక్కిరించాడు. పుట్టుకతో వచ్చిన వేళ్లుండగా పుల్ల ఎందుకని ఆయన వాదం. నా మట్టుకు నాకు, ముసలి వేళ్ల విషయంలో ఆయన పప్పులో కాలేశాడు. విచిత్రం చూడండి, ఆ ఐఫోను వెనకున్న స్పర్శ పరిజ్ఞానంలో పెద్ద వాటా నొప్పి చేతుల్లోంచి పుట్టింది. డెలావేర్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న వేన్ వెస్టర్‌మన్‌కి టైపు చేసి చేసి చేతులు పట్టేశాయి. మీటలు నొక్కే శ్రమ లేకుండా తాకితే చాలనే పలక ఒకటి కావాలని, గురువు జాన్ ఎలియాస్‌తో కలిసి తయారుచేశాడు. ఫింగర్‌వర్క్స్ అని కంపెనీ పెట్టారు. 2005లో ఆపిల్ దాన్ని కొనేసింది. చేతులు పనిచెయ్యనివాడు తన కోసం చేసుకున్న ఉపాయం చేతులు సరిగా పనిచెయ్యనివాళ్లనే ఏడిపిస్తోంది.

సరే, తాతగారి వేలు. చర్మం పైపొర అంతా చచ్చిన కణాలే. ఒంటి మీద మిగతా చోట్ల అది 10, 20 మైక్రాన్ల మందం. అరచేతుల్లో, వేళ్ల కొసల్లో దానికి ఎన్నో రెట్లు. పార పట్టిన చేతుల్లో కాయలు కాసి ఇంకా దట్టం. కెపాసిటెన్స్ వాహకాల మధ్య దూరాన్ని బట్టి ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది. కాయ కాసిన వేలు అద్దానికి ఆనినా, తెర లెక్కలో పనికొచ్చే తడి కండ ఆ కాయ వెనకాలే ఉండిపోతుంది. పైన ఫోను పగలకూడదని కొడుకు అంటించిన టెంపర్డ్ గ్లాస్ గార్డు ఇంకో మూడో వంతు మిల్లీమీటరు దూరం కలుపుతుంది.

దూరమొక్కటే అయితే తెనాలిలోనూ ఇదే పేచీ ఉండాలి. రెండోది తడి. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 80 దాకా ఉంటుంది, ఎండిన చర్మానిది అందులో చిన్న భాగం. ఆ చచ్చిన పొర నీరు పీల్చుకుని ఉంటే విద్యుత్ క్షేత్రం దాన్ని సులువుగా దాటి లోపలి కండను చేరుతుంది. ఎండితే ఆ పొరే అడ్డంకి. ఈ తేడా ఎంత నమ్మకమైనదంటే, చర్మంలో తేమ ఎంతుందో కొలవడానికి చర్మవ్యాధుల పరిశోధకులు వాడే కార్నియోమీటర్ కొలిచేది కెపాసిటెన్స్‌నే. అంటే తాతగారి ఫోను ఆయన చర్మంలో తేమను రోజుకు వందసార్లు పరీక్షిస్తోంది, ఫలితం మాత్రం చెప్పడం లేదు.

కృష్ణా డెల్టా గాలిలో చెమ్మకు కొదవ లేదు. వేలు ఎప్పుడూ కాస్త తడి పట్టే ఉంటుంది. చలికాలం డాలస్‌లో బయటి చలిగాలికి నీటి ఆవిరిని మోసే శక్తి తక్కువ. ఆ గాలినే ఇంట్లోకి లాక్కుని హీటరుతో వేడి చేస్తారు. ఆవిరి పెరగదు, వేడి పెరుగుతుంది. తేమ శాతం పడిపోతుంది. ఆ గాలి దొరికిన చోటల్లా, పెదవుల్లోంచీ మడమల్లోంచీ వేళ్ల కొసల్లోంచీ, తడి లాగేస్తుంది. పైగా వయసు మీద పడ్డాక చర్మానికి నూనె ఊరడం, చెమట పట్టడం తగ్గిపోతాయి. ఆయన వేలికి అయిందిదే. కొంచెం మాయిశ్చరైజరో కొబ్బరినూనెతో పాటు కాస్త నీటి తడో చాలు. బొట్లు కారేంత తడి మాత్రం వద్దు. తెర మీద నీటిచుక్కలుంటే అవి కూడా క్షేత్రాన్ని చెదరగొట్టి ఫోనును తికమక పెడతాయి.

ఇంకో సంగతి ఉత్తరంలో ఒక పక్కగా రాశారు: ఫోను బల్ల మీద పెట్టుకుని, ఛార్జింగులో ఉంచి చూస్తారట. ఇది చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. వేలు లాక్కున్న ఆవేశం మళ్లీ ఫోనుకే తిరిగిరావాలి, లేకపోతే వలయం పూర్తికాదు. ఫోను ఎడమ చేతిలో ఉంటే తోవ సులువు: వేలు, చెయ్యి, ఒళ్లు, రెండో చెయ్యి, ఫోను. చెక్క బల్ల మీద ఒంటరిగా పడి ఉంటే ఆ తోవ బలహీనం. కొత్త ఫోన్ల చిప్‌లు దీన్ని చాలావరకు సర్దుకుంటాయి. కానీ ఎండిన వేలు, మందం గార్డు ఇప్పటికే సంకేతాన్ని సన్నగిల్లజేస్తే ఇది పులి మీద పుట్రే. ఛార్జర్ సంగతి ఇంకో రకం. నాసిరకం ఛార్జర్లు కరెంటులోని గోలను ఫోనులోకి వదులుతాయి. ఆ గోల ఫోనులో ఉన్నంతసేపూ దాని కంటపడదు. వేలు తగిలితే మాత్రం ఒంటి గుండా నేలకు దారి దొరికి, సరిగ్గా వేలున్న చోటే కొలతను పాడుచేస్తుంది. ఛార్జింగులో పెట్టినప్పుడు తెర దానంతటదే కదలడం మీలో చాలామంది చూసే ఉంటారు. వైరు పీకి, ఫోను చేతిలోకి తీసుకుంటే సగం రోగం పోతుంది.

మిగతా సగం రోగం భౌతికశాస్త్రంలోది కాదు. సాఫ్ట్‌వేరు రాసినవాళ్ల నిర్ణయంలోది. వేలు దిగింది, లేచింది అన్నంతవరకే తెరకు తెలుసు. దాన్ని తాకడమనాలా, నొక్కి పట్టుకోవడమనాలా, జరపడమనాలా అన్నది గడియారం చూసి తేలుస్తారు. సుమారు అర సెకను లోపు లేస్తే తాకినట్టు, ఫొటో తెరుచుకుంటుంది. దాటితే నొక్కి పట్టుకున్నట్టు, టిక్కు పడుతుంది. ఈలోపు వేలు కదిలితే జరిపినట్టు. ఎంత కదిలితే? ఆండ్రాయిడ్‌లో మామూలుగా 8 డీపీ, అంటే అంగుళంలో 160వ వంతులు ఎనిమిది. మిల్లీమీటర్లలో 1.3 అనుకోండి. జొన్నగింజంత కూడా లేని ఆ జాగాలో, అర సెకను లోపల, వేలు దిగి కదలకుండా లేవాలి. చేతి వణుకు ఉన్నవాళ్లకు సెకనుకు 4 నుంచి 12 సార్లు చెయ్యి ఊగుతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో డెవలపర్ ఆప్షన్స్ కింద 'పాయింటర్ లొకేషన్' అని ఉంటుంది. అది పెడితే వేలు ఎక్కడ దిగి, ఎటు జరిగి, ఎక్కడ లేచిందో తెర మీద గీత పడుతుంది. మా పెద్దమ్మ ఫోనులో అది పెట్టి ఒక ఫొటో తాకమన్నాను. "ఒరేయ్, నేను ముట్టుకుంటే దీనికి గిట్టదురా" అంటూనే తాకింది. వేలు ఒక్కచోటే ఉందని ఆవిడ ఒట్టేసి చెబుతుంది. గీత మాత్రం చుక్కగా లేదు, కింద తోక ఉంది. మెల్లగా తాకమన్నాను, తోక తగ్గింది. గట్టిగా నొక్కమన్నాను, తోక బారయింది. కారణం వేలి మెత్తదనం. నొక్కినకొద్దీ కండ నలిగి అద్దం మీద పరుచుకుంటుంది, అదీ అన్ని వైపులా సమంగా కాదు, అరచేతి వైపు ఎక్కువ. ఫోను కట్టే సగటు అటు జరుగుతుంది. వేలు కదలలేదు, వేలి నడిమధ్య కదిలింది! 1.3 మిల్లీమీటర్లు దాటిందా, ఫొటోలు పరుగో పరుగు. తాతగారు ఎంత కష్టపడి నొక్కితే అంత చెడిపోతున్నది ఇందుకే.

ఇక ఉపాయాలు. చెప్పడానికి నాకు ఉత్సాహం లేదు, ఎందుకంటే ఉపాయాలన్నీ ఫోనులోనే ఉన్నాయి, ఎవరికీ దొరకని చోట. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిస్తే 'టచ్ అండ్ హోల్డ్ డిలే' కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఇంకో అర లోపలికి వెళ్లాలి. శామ్‌సంగ్‌లో దాన్ని ఒకటిన్నర సెకనుకు పెంచుకోవచ్చు. ఆ ఒక్క మార్పుతో టిక్కుల బెడద పోతుంది. గ్లాస్ గార్డు ఉంటే డిస్‌ప్లే కింద 'టచ్ సెన్సిటివిటీ' కూడా పెట్టాలి. ఐఫోనులో తాకే తీరును సవరించుకునే ఏర్పాటు 'టచ్ అకామడేషన్స్' అన్న పేరుతో ఉంటుంది. 2023లో ఐఓఎస్ 17తో 'అసిస్టివ్ యాక్సెస్' అని, ఫోన్లు, మెసేజ్‌లు, ఫొటోలు పెద్ద పెద్ద పలకలుగా కనిపించే ఏర్పాటు వచ్చింది. మంచిదే. స్టైలస్ కొనాలనుకుంటే రబ్బరు మొన వెడల్పుగా ఉన్నదే కొనండి. మొన సన్నగా ఉంటే వచ్చే తరుగు చాలక తెర దాన్ని వేలుగా లెక్కచెయ్యదు.

కొడుకులకూ కోడళ్లకూ ఒక మాట. "ఇలా ఇవ్వండి నాన్నా" అని ఫోను లాక్కుని, మీ వేళ్లతో టకటకా పంపేసి తిరిగిచ్చేస్తే ఆయన నేర్చుకునేది ఏమీ ఉండదు. మీ వేలికి వర్తించే గడియారం ఆయన వేలికి వర్తించదు. ముందు ఆ సెట్టింగు మార్చి, తర్వాత ఆయన చేతే పంపించండి.

కొత్త ఫోను విప్పగానే భాష అడుగుతుంది, వైఫై అడుగుతుంది, వేలిముద్ర అడుగుతుంది, ఏ కంపెనీ యాప్‌లు కావాలో కూడా అడుగుతుంది. వేలు ఎంతసేపు ఆనించే అలవాటో నేను వాడిన ఏ ఫోనూ అడగలేదు. ఒక ఫొటో చూపించి, మూడుసార్లు తాకమని, ఆ తాకిన తీరును బట్టి అర సెకనునూ 1.3 మిల్లీమీటర్లనూ తనే సవరించుకోవడం సెకనుకు వందసార్లు తెర కొలిచే యంత్రానికి ఒక పని కాదు. ఫోన్ల సాఫ్ట్‌వేరు రాసేవాళ్లలో తెలుగువాళ్లు హైదరాబాదులోనూ ఉన్నారు, కాలిఫోర్నియాలోనూ ఉన్నారు. అయ్యా, అమ్మా, ఆ ఒక్క ప్రశ్న సెటప్‌లో చేర్చండి.